కష్టాన్ని బలంగా మార్చుకోమంటారు, సరే, ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఏడాదిన్నరలో నాన్నగారు పోయారు, ఆ వెంటనే ఉద్యోగం పోయింది, ఇప్పుడు పెళ్ళి విడాకుల దాకా వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఈ కష్టాన్నే నీ బలంగా మార్చుకో" అని చెప్పి వెళ్తున్నారు. మీకేమో పొద్దున మంచం దిగడమే పెద్ద పనిగా ఉంది. "అందరికీ సాధ్యమైంది నాకెందుకు కావడం లేదు? నాలోనే ఏదైనా లోపం ఉందా? ఆ బలం ఎప్పుడొస్తుంది, వస్తే ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

ముందు లోపం సంగతి. లేదు. నేను 22 ఏళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. పెద్ద దెబ్బ తగిలిన రెండో నెలలోనే "చాలా నేర్చుకున్నానండీ, ఇప్పుడు చాలా స్ట్రాంగ్" అని నవ్వుతూ వచ్చి కూర్చునేవాళ్ళ గురించి నాకు ఎక్కువ టెన్షన్. "లేవలేకపోతున్నాను" అని ఉన్నమాట ఉన్నట్టు చెప్పేవాళ్ళతో పని మొదలుపెట్టడం తేలిక.

ఇనుము కాలితేనే పదునెక్కుతుంది అని అంటూ ఉంటాం కదా. కొలిమి దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్ళు ఆ మాట అంత తొందరగా అనరు. నిప్పులో వదిలేసిన ఇనుము పొరలు పొరలుగా కాలి రాలిపోతుంది. దాన్ని సమయానికి పట్టకారుతో బయటికి తీసి, ఎక్కడ కొట్టాలో తెలిసి కొట్టే చెయ్యి ఉంటేనే అది కత్తి అవుతుంది. మిమ్మల్ని పలకరించినవాళ్ళు నిప్పును పొగిడి వెళ్ళారు. పట్టకారు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈ విషయం మీద చాలాకాలం పనిచేసినవాళ్ళు అమెరికన్ సైకాలజిస్టులు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హూన్. పెద్ద దెబ్బ తిన్న తర్వాత కొందరిలో కనిపించే ఎదుగుదలను కొలవడానికి 1996లో 21 వాక్యాలతో ఒక కొలమానం ప్రచురించారు. అందులో ఐదు వైపులు చూస్తారు: మనుషులతో దగ్గరతనం పెరగడం, ఇదివరకు తోచని దారులు కనిపించడం, నేను తట్టుకోగలను అన్న నమ్మకం, ఆధ్యాత్మికంగా వచ్చే మార్పు, బతికి ఉండడం విలువ తెలియడం. వాళ్ళ మాటల్లో జనం వదిలేసే ముక్కలు రెండున్నాయి. ఒకటి, జరిగిన ఘటన వల్ల ఆ ఎదుగుదల రాదు, ఆ తర్వాత మనిషి చేసే పెనుగులాట వల్ల వస్తుంది. రెండోది, ఎదుగుదల వచ్చినంత మాత్రాన బాధ పోదు. రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉంటాయి. నాన్నగారు గుర్తొచ్చి ఏడుపొచ్చిన రోజున "ఇంకా బలం రాలేదు" అని లెక్క వేసుకోకండి.

ఎదగడం తప్పనిసరి కూడా కాదు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ జార్జ్ బొనానో ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ళ మీద, ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ళ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి 2004లో రాసిందేమిటంటే, చాలామంది ఏ పెద్ద మార్పూ లేకుండానే తమ మామూలు బతుకును నడుపుకోగలుగుతారు. కష్టం ముందు ఎలా ఉన్నారో దాదాపు అలాగే ఉంటారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ప్రతి దెబ్బకూ ఒక మెడల్ తెచ్చుకోవాలన్న నియమం ఎక్కడిదో నాకు తెలియదు కానీ, అది జనాన్ని బాగా అలసిపోయేలా చేస్తోంది.

తొందర వల్ల జరిగే నష్టానికి నేనే ఉదాహరణ. నాకు 31 ఏళ్ళప్పుడు మా తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటికి నేను కౌన్సెలర్‌నే. మూడు వారాలకల్లా పనిలో చేరాను. ఆరు నెలలకు కాలేజీల్లో రోడ్డు భద్రత మీద మాట్లాడడం మొదలుపెట్టాను. వాడి ఫోటో తెర మీద వేసి, హెల్మెట్ గురించి, స్పీడ్ గురించి చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. "బాధను సేవగా మార్చుకున్నారు మేడమ్" అని లెక్చరర్లు అనేవారు, నేనూ అదే అనుకున్నాను. మూడో ఏడు ఒక కాలేజీలో ఫోటో మారి మరొకటి పడింది. వాడు చిన్నప్పుడు నా చెప్పులు వేసుకుని నిలబడ్డ ఫోటో అది. నా గొంతు ఆగిపోయింది. ఇరవై నిమిషాల దాకా మాట రాలేదు. మూడేళ్ళుగా వాడి చావు గురించి వందలమందికి చెప్పాను, వాడు లేడని ఒక్కసారి కూడా కూర్చుని ఏడవలేదు. దిగమింగుకున్న దుఃఖానికి మైకు తగిలించుకుని తిరిగానన్నమాట.

ఇది నా ఒక్కదాని మూర్ఖత్వం అనుకునేదాన్ని. 2009లో ప్యాట్రిషియా ఫ్రేజియర్ బృందం ప్రచురించిన పరిశోధన చదివాక కొంచెం ఊరట కలిగింది. వాళ్ళు కాలేజీ విద్యార్థులను ముందే ఒకసారి కొలిచి పెట్టుకున్నారు, రెండు నెలల తర్వాత మళ్ళీ కొలిచారు. ఆ మధ్యలో పెద్ద దెబ్బ తిన్నవాళ్ళను "మీలో ఎంత మార్పు వచ్చింది?" అనీ అడిగారు. వాళ్ళు వచ్చిందనుకున్న మార్పుకూ, నిజంగా కొలతలో కనిపించిన మార్పుకూ పెద్దగా పొంతన కుదరలేదు. పైగా ఎదిగామని అనుకోవడం పెరిగిన మనోవేదనతో కలిసి కనిపించింది, నిజమైన ఎదుగుదల తగ్గిన మనోవేదనతో కలిసి కనిపించింది. "నేను స్ట్రాంగ్ అయ్యాను" అనే మాట చాలాసార్లు నొప్పికి కట్టే కట్టు. కట్టు కట్టుకోవడం తప్పు కాదు, దాన్నే చర్మం అనుకుంటేనే ఇబ్బంది.

అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు పొద్దున లేవలేకపోతున్నారు కాబట్టి అక్కడే.

1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగం చేయనివ్వరు, చేయనివ్వకూడదు కూడా. కొన్ని కుక్కలకు కరెంట్ షాక్ తగిలినప్పుడు ఒక పలకను నొక్కితే అది ఆగేది. మరికొన్నిటికి అంతే షాక్, కానీ అవి ఏం చేసినా ఆగేది కాదు. మర్నాడు రెండు గుంపులనూ చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టారు. గోడ దూకితే చాలు, షాక్ ఉండదు. మొదటి గుంపు దూకేసింది. రెండో గుంపులో చాలా కుక్కలు ప్రయత్నం కూడా చేయకుండా పడుకుని మూలిగాయి. "నిస్సహాయతను నేర్చుకున్నాయి" అని అప్పట్లో అన్నారు, ఆ మాట పుస్తకాలన్నిటికీ ఎక్కింది.

మీకు పనికొచ్చేది దాని తర్వాతి కథ. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, వాళ్ళిద్దరే మళ్ళీ కూర్చుని తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. మధ్యలో మెదడు మీద జరిగిన పరిశోధన చూశాక, తాము తలకిందులుగా అర్థం చేసుకున్నామని ఒప్పుకున్నారు. ఎడతెగని బాధలో చతికిలబడిపోవడం ఎవరూ నేర్చుకునేది కాదట, అది ప్రాణికి సహజంగా వచ్చే స్పందనే. "నేను చేసిన పని వల్ల ఒకటి మారింది" అన్న అనుభవమే మెదడు కొత్తగా నేర్చుకుంటుంది. అలా నేర్చుకున్నప్పుడు మెదడు ముందు భాగం ఆ చతికిలబాటును అణిచిపెడుతుంది. అంతకుముందే అలాంటి అనుభవం ఉన్న జంతువులు తర్వాత తప్పించుకోలేని దెబ్బ తగిలినా అంత తేలిగ్గా కుప్పకూలలేదు. మంచం దిగలేకపోవడం మీ స్వభావ లోపం కాదని నేను పైన అన్నది ఊరడింపు కోసం కాదు, ఇందుకే.

కాబట్టి వెతకాల్సింది స్ఫూర్తి కోసం కాదు. రోజులో ఒకే ఒక్క చోట, మీరు చేస్తే మారేది, చేయకపోతే మారనిది ఒకటి కావాలి. అది ఎంత చిన్నదైనా ఫరవాలేదు.

ఒకాయన సంగతి చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. పార్ట్‌నర్ మోసం చేయడంతో వ్యాపారం మునిగింది. అప్పులవాళ్ళ ఫోన్లు రోజంతా మోగేవి. ఆయన ఎత్తేవారు కాదు, చివరికి ఫోన్ తీసి బీరువాలో పెట్టేశారు. నిద్ర లేదు, మాట లేదు. మేము చేసిందల్లా ఒకటే: రోజూ ఉదయం పది గంటలకు ఆయనే ఒక్క అప్పులాయనకు ఫోన్ చేయాలి. "ఇప్పుడు నా దగ్గర డబ్బు లేదు, ఫలానా తారీఖున మళ్ళీ ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను" అనాలి, అంతే. మొదటి రోజు అవతలివాళ్ళు బూతులు తిట్టారు. రెండో రోజు కూడా. తొమ్మిదో రోజో పదో రోజో ఒకాయన "సర్లెండి, కనీసం మీరు ఫోన్ చేశారు" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఈయన మొహం నాకిప్పటికీ గుర్తుంది. అప్పు ఒక్క పైసా తగ్గలేదు. ఫోన్ మాత్రం బీరువాలోంచి బయటికొచ్చింది.

మీ విషయంలో అది ఏమిటో మీరే చూసుకోవాలి. పొద్దున లేవగానే దుప్పటి మడతపెట్టి పది నిమిషాలు ఆరుబయట నడవడం కావచ్చు, ఉద్యోగానికి రోజూ ఒక్క దరఖాస్తు కావచ్చు. మనసు బాగుపడ్డాక చేద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. పని ముందు, ఉత్సాహం తర్వాత. డిప్రెషన్ చికిత్సలో ఈ వరసనే వాడతారు. ఇంకో సులువు: "రేపు చేస్తాను" అని అనుకోకుండా "పళ్ళు తోముకోవడం అవగానే చెప్పులు వేసుకుంటాను" అని దేని తర్వాత ఏదో ముడిపెట్టుకోండి. అప్పుడు రోజూ కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు. అసలే అలిసిపోయిన మనిషికి నిర్ణయాలే పెద్ద బరువు.

రాత్రిళ్ళు ఆలోచనలు తిరుగుతూనే ఉంటాయని రాశారు. 1989 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే, వేరే పని మీద, సూసన్ నోలెన్-హోక్సెమా అనే సైకాలజిస్టు స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మనఃస్థితినీ, బాధ కలిగితే వాళ్ళేం చేస్తారన్నదాన్నీ నమోదు చేసి ఉంచారు. భూకంపం తర్వాత మళ్ళీ చూస్తే, ముందు నుంచీ బాధనే తవ్వుకుంటూ కూర్చునే అలవాటున్నవాళ్ళు ఏడు వారాల తర్వాత కూడా ఎక్కువ కుంగుబాటులో ఉన్నారు. ఆలోచించడం తప్పని దీనర్థం కాదు. "నాకే ఎందుకు జరిగింది?" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు కాబట్టి మనసు గానుగెద్దులా అక్కడే తిరుగుతుంది. "ఇందులో రేపటికి నేను చేయగలిగింది ఏముంది?" అంటే జవాబు ఎంత చిన్నదైనా ఒకటి దొరుకుతుంది, ఎద్దుకు కాసేపు విశ్రాంతి.

రాయడం కూడా ప్రయత్నించండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ కాలేజీ విద్యార్థులతో నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమకు తగిలిన పెద్ద దెబ్బ గురించి రాయించాడు. జరిగిందీ, అప్పుడు కలిగిన భావాలూ కలిపి రాసినవాళ్ళు రాసిన వెంటనే ఇంకా దిగులుపడ్డారు. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. అందుకని రాసిన రోజు బరువుగా అనిపిస్తే కంగారుపడకండి. అక్షరదోషాలు చూసుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు, కావాలంటే చింపేయండి. నేను నా దగ్గరికి వచ్చేవాళ్ళకు కలిపి చెప్పే జాగ్రత్త ఒకటే: దెబ్బ తగిలి నెల కూడా కాకపోతే, లేదా రాస్తుంటే ఒళ్ళు వణికి ఊపిరాడనట్టు అయిపోతే ఆపేయాలి. బలవంతంగా తవ్వడం మేలు చేయదు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. 2002లో ఆ పరిశోధనలన్నీ కలిపి సమీక్షిస్తే తర్వాతి మానసిక సమస్యలను అది ఆపలేదని తేలింది.

ఇక మోటివేషన్. మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి, కసి, పట్టుదల. రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం కానీ నా అనుభవంలో ఇవి వేరు జాతులు. కసికి ఎదురుగా ఒక మనిషి కావాలి. నన్ను వద్దన్న కంపెనీ చూడాలి, వదిలేసి వెళ్ళినవాళ్ళు తెలుసుకోవాలి, నవ్విన చుట్టాలు నోరు మూసుకోవాలి. మీరు రాసిన దాంట్లో "ఒకరోజు వాళ్ళందరికీ చూపించాలి" అన్న వాక్యం రెండుసార్లు వచ్చింది. తప్పని అనను. చతికిలబడ్డవాడిని లేపి నిలబెట్టడానికి కసిని మించింది లేదు. ఎండుగడ్డికి అగ్గి అంటుకున్నట్టు మొదటి ఆరు నెలలు అద్భుతంగా పనిచేస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఎవరికి చూపించాలో వాళ్ళు చూడకపోతే ఆరిపోతుంది. చూసినా ఆరిపోతుంది. పోటీ పరీక్ష కసితో చదివి పాసై, రిజల్ట్ వచ్చిన వారానికే "ఇప్పుడేం చేయాలి?" అని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. మీ రోజును ఎలా గడపాలో మీ శత్రువు తీర్మానిస్తున్నాడు, అద్దె కట్టకుండా మీ ఇంట్లో ఉంటున్నాడు.

పట్టుదలకు ఎదురుగా పని ఉంటుంది, మనిషి ఉండడు. కాబట్టి కసి ఉన్నన్నాళ్ళూ వాడుకోండి, కానీ అది ఉండగానే నిప్పును వేరే కట్టెకు అంటించుకోండి. నేను అడిగే ప్రశ్న ఇదీ: వాళ్ళెవరికీ ఎప్పటికీ తెలియదనుకోండి, అప్పుడు కూడా ఈ పని చేస్తారా? "చేస్తాను" అని వచ్చే పని ఒక్కటి దొరికితే, అది చిన్నదైనా సరే, దాని వైపు కొంచెం కొంచెంగా జరగండి.

మరొక్కటి మిగిలింది, ఆ పట్టకారు. విజయగాథలు చెప్పేటప్పుడు దీన్ని చాలామంది ఎగరగొట్టేస్తారు. అరుణిమా సిన్హా 2011లో దొంగలు రైలు నుంచి తోసేస్తే కాలు పోగొట్టుకుని, 2013 మే 21న ఎవరెస్ట్ ఎక్కారని వింటాం. నిజమే, అసాధారణమే. కానీ ఆమె అంతకుముందే జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. ఆ రెండేళ్ళ మధ్య కృత్రిమ కాలుంది, ఎవరెస్ట్ ఎక్కిన బచేంద్రీ పాల్ దగ్గర శిక్షణ ఉంది. ఇవన్నీ తీసేసి పడిపోవడం, ఎక్కడం మాత్రమే మిగిలిస్తే వినేవాడికి తన మీద తనకు అసహ్యం తప్ప ఏం మిగులుతుంది?

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను సైకాలజిస్టు ఎమ్మీ వెర్నర్ బృందం నడివయసు దాకా గమనిస్తూ వచ్చింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు, ఇలాంటివి చాలా కలిసి మీదపడ్డ పిల్లల్లో సుమారు మూడోవంతు మంది నిలదొక్కుకుని, పదిమందికీ ఆసరా కాగలిగిన పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ బతుకుల్లో కనిపించిన వాటిలో ఒకటి, తమను వదలకుండా పట్టుకున్న మనిషి కనీసం ఒక్కరు ఉండడం. కన్నవాళ్ళే కానక్కర్లేదు, అమ్మమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు. మీ లేఖలో సలహా ఇచ్చినవాళ్ళు ఏడుగురు కనిపించారు, పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. ఎవరైనా ఒకరిని ఎంచుకుని "సలహా వద్దు, వారానికి ఒకసారి గంటసేపు నాతో కూర్చో" అని నోరు తెరిచి అడగండి. అడగడం కష్టమే. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ళకూ ఏం చేయాలో తెలియకే సలహా ఇచ్చి పోతున్నారు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి పూర్తిగా దెబ్బతిన్నా, రోజంతా ఏదీ పట్టకపోయినా, తాగుడుకు గానీ నిద్రమాత్రలకు గానీ అలవాటు పడుతున్నా సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, మీరున్న చోటి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అలాంటప్పుడు బలం, మోటివేషన్ లాంటి మాటలన్నీ పక్కన పెట్టేయండి. కాలు విరిగినవాడికి పరుగు పాఠాలు చెప్పరు.

బలం వచ్చిందని ఎలా తెలుస్తుంది అన్నారు. మా తమ్ముడి విషయంలో నాకు ఒక ఆడపిల్ల వల్ల తెలిసింది. అన్న పోయాడని వచ్చి, గంటసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. పాత నేనైతే పదో నిమిషానికి ఏదో ఒక మంచిమాట మొదలుపెట్టేదాన్ని. ఆ రోజు ఊరికే కూర్చోగలిగాను. ఆ పిల్ల లేస్తూ "వచ్చేవారం కూడా రావచ్చా?" అంది.

ఆ వ్యాపారం పోయినాయన అయితే నాలుగేళ్ళ తర్వాత వేరే పని మీద ఫోన్ చేశారు. అప్పులు సగం తీరాయట, చిన్న ఉద్యోగం చేస్తున్నారట. ఇలాగే దివాలా తీసిన ఒక కుర్రాడిని పదింటి ఫోన్లకు కూర్చోబెడుతున్నారట. వాడికి ధైర్యం రావాలని తన కథంతా చెప్పారట, ఏం చెప్పారో నాకూ వినిపించారు. బీరువా, బూతులు, "కనీసం మీరు ఫోన్ చేశారు" అన్నాయన, అన్నీ వచ్చాయి. ఒకప్పుడు ప్రతి మూడో మాటకూ వచ్చే ఆ పార్ట్‌నర్ పేరు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. నేను గమనించాను, ఆయన గమనించలేదు. నేనూ గుర్తు చేయలేదు.